పని పంచుకున్న ఊరు



వినాయక చవితి దగ్గర పడుతోందంటే మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీస్ స్టేషన్లలో శాంతి కమిటీ సమావేశాలు మొదలవుతాయి. బక్రీదుకు ముందూ అంతే, శ్రీరామనవమి శోభాయాత్రకు ముందూ అంతే. సీఐ గారు మధ్యలో కూర్చుంటారు. ఒక పక్క మండపాల నిర్వాహకులు, ఇంకో పక్క మసీదు కమిటీ పెద్దలు. డీజే ఎన్ని గంటలకు ఆపాలి, ఊరేగింపు ఏ రూట్లో వెళ్లాలి అని మాట్లాడుకుంటారు. సమోసాలు, చాయ్ వస్తాయి. అందరూ చేతులు కలిపి ఫోటో దిగుతారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఆ ఫోటో పడుతుంది.

ఈ సమావేశాలంటే నాకు చిన్నచూపు లేదు. అవి జరగాల్సిందే. రూటు ముందే తేల్చుకుంటే రోడ్డు మీద తగాదా తప్పుతుంది. కాకపోతే అక్కడ పక్కపక్కన కూర్చున్నవాళ్లలో చాలామంది మళ్లీ కలుసుకునేది వచ్చే ఏడాది సమావేశంలోనే. మధ్యలో మూడు వందల పైచిలుకు రోజులు ఎవరి గల్లీ వాళ్లది, ఎవరి వాట్సాప్ గ్రూపు వాళ్లది. ఆ రోజుల్లో ఏ రాత్రి పదకొండు గంటలకో ఒక పుకారు పుట్టిందనుకోండి. "భాయ్, ఇది నిజమేనా?" అని అవతలి గల్లీకి ఫోన్ చేసి అడగగలిగేవాళ్లు మనలో ఎందరు?

ద్వేషానికి ఎదురు నిలవడానికి జనం రకరకాల కార్యక్రమాలు చేస్తారు. శాంతి ర్యాలీలు, కొవ్వొత్తుల ప్రదర్శనలు, ఇఫ్తార్ విందులు, సర్వమత ప్రార్థనలు. వీటిలో కొన్ని ఫోటోతో ముగిసిపోతాయి. కొన్ని మాత్రం ఏళ్ల తరబడి ఊరిని కాపాడుతాయి. ఆ తేడా ఎక్కడుందా అని చూస్తే నాకు ఒకే ఒక్క సంగతి కనిపించింది. వచ్చిన మనిషికి కుర్చీ వేశారా, పని అప్పజెప్పారా? కుర్చీలో కూర్చున్నవాడు సభ అవగానే లేచి వెళ్లిపోతాడు. పని నెత్తినేసుకున్నవాడు మర్నాడు కూడా రావాలి. ఈ పూట నా ప్రసంగమంతా ఆ పని గురించే.

పని అప్పజెప్పడమంటే ఏమిటో మన పల్లెలకు ఒకరు నేర్పనక్కర్లేదు. పీర్ల పండుగే చూడండి. క్రీస్తుశకం 680లో కర్బలాలో ఇమామ్ హుసేన్ అమరుడైన సంఘటనను తలుచుకునే రోజులవి, మొహర్రం నెలలో మొదటి పది రోజులు. షియా ముస్లింలకు అవి దుఃఖ దినాలు. తెలుగు పల్లెల్లో అదే ఊరి పండుగైంది. ఒక్క ముస్లిం కుటుంబమైనా లేని ఊళ్లలో కూడా పీర్లను నిలబెడతారు.

ఆ పది రోజులూ ఊళ్లో ఎవరి పని వాళ్లకుంటుంది. నెలవంక కనిపించే వేళకు పీర్ల చావడికి సున్నం పడాలి. చావడి ముందు గుండం తవ్వాలి. తొలి పోటు ఫలానా ఇంటివాళ్లే వేయాలన్న ఆనవాయితీ ఉంటుంది. పెట్టెలోంచి పీర్లను దించి, చింతపండుతో తోమి మెరిపించేవాళ్లు ఒకరు. దట్టీలు కట్టి, గంధం పూసి నిలబెట్టే ముజావరు ఒకరు. గుండంలోకి మొద్దులు తోలే బండి ఒక రైతుది. డప్పు మోగనిదే పీరు గడప దాటదు. పీరును ఎత్తుకునేవాళ్లు ఏ ముస్లిం ఇంటివాళ్లో కావచ్చు, ఏ గొల్లల ఇంటివాళ్లో, ముదిరాజుల ఇంటివాళ్లో కావచ్చు. ఊదు పొగలో పీరు ఊగుతూ వస్తుంటే ఆడవాళ్లు బిందెలతో ఎదురెళ్లి నీళ్లు ఆరబోస్తారు. మలీద ముద్దలు, బెల్లం షర్బత్, కుడుకల దండలు ఇంటింటి నుంచీ చావడికి చేరతాయి. చివరి రాత్రి పిల్లా పెద్దా గుండం చుట్టూ అలాయి ఆడతారు. ఊరిని బట్టి ఈ పంపకం మారుతుంది గాని, పంపకమైతే ఉంటుంది.

అనంతపురం జిల్లా నార్పల మండలంలో గూగూడు అనే ఊరుంది. అక్కడ కుళ్లాయిస్వామి అని పిలుచుకునే పీరు ఉన్నాడు. మొహర్రం నాళ్లలో ఆ చిన్న ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది. వచ్చేవాళ్లలో అధికులు హిందువులే. ఆ చుట్టుపక్కల హిందువుల ఇళ్లలో కుళ్లాయప్పలు, కుళ్లాయమ్మలు ఎందరో. మన కవి అఫ్సర్ ఈ ఊరి పండుగను ఏళ్ల పాటు దగ్గరుండి చూసి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ప్రచురించింది. రాయలసీమ, కోస్తా, తెలంగాణ పల్లెల్లో హుసేనప్ప, మస్తానమ్మ, పీరయ్య, దస్తగిరి అన్న పేర్లు విని ఆ మనిషి మతం చెప్పేయడం ఎవరి తరమూ కాదు.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉంది. మొహర్రంలోనే అక్కడ రొట్టెల పండుగ. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఈ మధ్య వీసా రొట్టె కూడా. కోరిక ఉన్నవాళ్లు, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి చెరువు నీళ్లలో నిలబడి రొట్టె పుచ్చుకుంటారు. తమ కోరికా తీరితే వచ్చే ఏడు వచ్చి అదే రొట్టె మరొకరికి ఇవ్వాలి. ఇందులో గొప్ప కిటుకు ఉంది. పుచ్చుకుని వెళ్లిపోతే కుదరదు. మళ్లీ రావాలి, ముక్కూ మొహం తెలియని మనిషిని వెతికి పట్టుకుని ఇచ్చి పోవాలి. ఉద్యోగం రొట్టె కావాలన్న తొందరలో ఇచ్చే చెయ్యి ఏ మతానిదని అడిగే తీరిక ఎవరికుంటుంది? కడపలో ఉగాది నాడు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వస్తారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు కాబట్టి స్వామి తమకు అల్లుడని వాళ్ల నమ్మకం. ఇంటల్లుడికి పండుగ మర్యాద చేయకుండా ఉంటారా మరి?

అయితే ఈ పండుగలను చూసి మురిసిపోయి, మన పల్లెలు బంగారం అనుకుని ఊరుకోవడానికి లేదు. పీర్ల ముందు డప్పు కొట్టే చేతులు ఎవరివి, ఆ చేతులను చావడిలో ఎక్కడి దాకా రానిచ్చేవాళ్లు అని అడిగితే కులం గీత కనిపిస్తుంది. పని పంచినచోట గౌరవం కూడా సమానంగా పంచారని కాదు. పైగా ఇప్పుడు పీర్ల పండుగకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలున్నాయి. ఇది మన మతం కాదని ఇటువాళ్లూ, ఇది అసలు మతంలో లేదని అటువాళ్లూ యువకులకు చెబుతున్నారు. ఎత్తుకునేవాళ్లు పట్నం వలసపోయి పీర్లు పెట్టెల్లోనే ఉండిపోతున్న ఊళ్లూ ఉన్నాయి.

అసలు చిక్కు పట్నంలోనే ఉంది. అశుతోష్ వార్ష్ణేయ్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1950 నుంచి 1995 దాకా మన దేశంలో జరిగిన హిందూ ముస్లిం అల్లర్ల లెక్క తీశారు. మొత్తం చావుల్లో పల్లెల్లో జరిగినవి 4 శాతం లోపే. ఎనిమిది నగరాల్లోనే దాదాపు సగం చావులు. ఆ ఎనిమిదింటిలో మన హైదరాబాద్ ఒకటి. ఆయన మూడు జతల నగరాలను తీసుకుని, ఒకచోట అల్లర్లు తరచూ ఎందుకు జరుగుతాయి, దాదాపు అదే జనాభా పొందిక ఉన్న ఇంకోచోట ఎందుకు జరగవు అని చూశారు. అల్లర్లు రేగే అలీగఢ్ పక్కన, ప్రశాంతంగా ఉండే కాలికట్‌ను పెట్టి చూశారు. కాలికట్‌లో హిందూ ముస్లిం కుటుంబాల పిల్లలు కలిసి ఆడుకుంటారని చెప్పినవాళ్లు సుమారు 90 శాతం. అలీగఢ్‌లో 42 శాతం.

పల్లెలో మనిషికి మనిషి తెలుసు. "ఫలానావాడు ఆవును కోశాడట" అని పుకారు వస్తే, "పొద్దున వాడు నాతోనే చేనులో ఉన్నాడు కదరా" అనేవాడు ఒకడుంటాడు. పుకారు అక్కడితో చస్తుంది. లక్షల జనం ఉన్న నగరంలో ఈ ముఖపరిచయం చాలదు. ఆ పరిచయం చేసే పనిని అక్కడ సంఘాలు చేయాలి. వ్యాపారుల సంఘం, కార్మిక సంఘం, చదువరుల సంఘం, ఆటల క్లబ్బు, ఏదైనా సరే, అందులో రెండు మతాలవాళ్లూ కలిసి ఉండాలి. కాలికట్‌లో హిందూ, ముస్లిం వర్తకులు ఒకే సంఘంలో ఉన్నారు. ఒకరి అప్పు మీద ఇంకొకరి వ్యాపారం నడుస్తోంది. అక్కడ దుకాణాలు తగలబడితే ఎవరి సొమ్ము పోతుందో అందరికీ తెలుసు. ఇదీ వార్ష్ణేయ్ 2002లో అచ్చైన పుస్తకంలో తేల్చిన మాట.

దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ భివండి. తెలంగాణ శ్రోతలకు ఈ పేరు కొత్త కాదు. ముంబయికి దగ్గరలో, ఠాణే జిల్లాలో ఉన్న మరమగ్గాల పట్నం అది. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుదెరువుకు బస్సెక్కి చేరిన ఊళ్ల వరసలో బొంబాయి, సోలాపూర్, సూరత్‌లతో పాటు భివండి ఉంటుంది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన ముస్లిం నేతగాళ్లూ అక్కడే స్థిరపడ్డారు. రాత్రింబగళ్లు మగ్గాల చప్పుడు వినిపించే ఆ ఊళ్లో 1970లో శివాజీ జయంతి ఊరేగింపు నాడు అల్లర్లు చెలరేగాయి. 1984లో మళ్లీ రేగి, ఠాణేకూ ముంబయికీ పాకాయి. రెండుసార్లూ ఎందరో చనిపోయారు. దేశంలో ఎక్కడ గొడవ జరిగినా తర్వాతి వంతు భివండిదేనని జనం భయపడే రోజులవి.

1988లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి అక్కడికి డిప్యూటీ కమిషనర్‌గా వచ్చారు. ఆయన కొత్తగా లాఠీలు తెప్పించలేదు. పేటపేటకూ మొహల్లా కమిటీ వేయించారు. అలా డెబ్బై దాకా కమిటీలు ఏర్పడ్డాయి. రెండు మతాలవాళ్లూ ఉండాలి, స్టేషన్ సిబ్బందీ వచ్చి కూర్చోవాలి. అక్కడ మాట్లాడింది మతసామరస్యం గురించి కాదు. పేటలో వచ్చే చిన్న చిన్న తగాదాల గురించి. ఎక్కడైనా పేటల్లో గొడవలు పుట్టేది కుళాయి దగ్గర వరస, పొంగిన మురుగు కాలువ, ఇద్దరు కుర్రాళ్ల మాటామాటా, వాకిట్లో నిలిపిన బండి లాంటి వాటితోనే. పెద్ద గొడవలన్నీ మొలకెత్తేది ఈ చిన్న తగాదాల్లోనే గదా. అవి మొలకలోనే తేలిపోతుంటే, వాటిని తేల్చిన పదిమందికీ ఒకరి మీద ఒకరికి గురి కుదిరింది. ఏ కానిస్టేబుల్‌ను పేరు పెట్టి పిలవచ్చో పేటకు తెలిసింది. ఏ పెద్దమనిషి మాట నడుస్తుందో కానిస్టేబుల్‌కు తెలిసింది.

1992 డిసెంబర్ 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చేశారు. ఆ డిసెంబర్లో, తర్వాత జనవరిలో ముంబయి తగలబడింది. పొరుగునే ఉన్న భివండి, రెండుసార్లు కాలిన భివండి, ఈసారి ప్రశాంతంగా ఉంది. అది చూసే ముంబయిలో కూడా అల్లర్ల తర్వాత మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది. మాజీ పోలీసు అధికారి జూలియో రిబీరో, సామాజిక కార్యకర్త సుశోభా బర్వే లాంటివాళ్లు అందులో ముందు నిలిచారు. గల్లీ కుర్రాళ్లకు క్రికెట్ పోటీలు పెట్టారు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. భివండి కమిటీలు వేసింది 1992 గొడవ అయ్యాక కాదు. నాలుగేళ్ల ముందు, ఎవరూ కొట్టుకోని రోజుల్లో.

మన దగ్గర కూడా ఇలాంటిది ఒకటి జరిగింది. 2018 వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు ఊరూరా పాకాయి. కొత్త ముఖం కనిపిస్తే చాలు, చెట్టుకు కట్టేసి కొట్టడమే. ఆ మే నెలలో హైదరాబాద్ పాతబస్తీలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను అనుమానంతో కొట్టి చంపారు. ఆమె మతమేదో, ఊరేదో కొట్టినవాళ్లకు అక్కర్లేదు. తమలా లేకపోవడమే ఆమె నేరమైంది. అదే సమయంలో గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికి ఒక పోలీసును అప్పజెప్పారు. వాళ్లు ఊళ్లోకి వెళ్లి, సర్పంచిని కలిసి, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చేరారు. డప్పు మీద పాట కట్టి పాడించారు, దండోరా వేయించారు. నాలుగు వందలకు పైగా ఊళ్లలో ఈ పని జరిగింది. ఆ ప్రాంతంలో పుకారుకు ఒక్క ప్రాణమూ పోలేదు. ఫోన్లో వచ్చిన అబద్ధానికి రచ్చబండ మీద డప్పుతో జవాబు చెప్పడం తెలుగు నేల మీద పుట్టిన ఉపాయం. దాన్ని ఇంకా చాలాచోట్ల వాడుకోవచ్చు.

ఇంకొక ఉదాహరణ 2023 సెప్టెంబర్‌ది. హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకే రోజున, సెప్టెంబర్ 28న పడ్డాయి. రెండింటికీ రోడ్ల నిండా జనం, రెండింటికీ ఊరేగింపులు. నగరమంతా గుండెలు చేతబట్టుకుంది. మిలాద్ జులూస్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబర్ 1కి మార్చుకున్నారు. రెండు పండుగలూ సాఫీగా జరిగాయి. ఒకరు తగ్గితే రెండు పక్కలా నెగ్గుతారని చూపించిన నిర్ణయమది. అలాంటి మాట ఒకరి నోటి నుంచి రావాలంటే, అది తమ పరువు తీయదన్న ధీమా వాళ్లకు ఉండాలి. ఆ ధీమా ఇవ్వాల్సింది అవతలివాళ్లు. తగ్గే వంతు ప్రతిసారీ ఒకరిదే కాకుండా చూసుకోవడమూ అందులో భాగమే.

ఇప్పుడు కాస్త సముద్రం దాటి వెళ్దాం. ఎందుకంటే మనవాళ్లు అక్కడ పొరుగువాళ్లు, తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లు. ఇక్కడ మనం ఎవరికైతే భరోసా ఇవ్వాలో, అక్కడ ఆ స్థానంలో మనమే ఉంటాం.

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో జాన్సన్ కౌంటీ ఉంది. 2017 ఫిబ్రవరి 22 సాయంత్రం, ఆ కౌంటీలోని ఒలేథా పట్నంలో ఒక బార్‌లో మన హైదరాబాద్ యువకుడు కూచిభొట్ల శ్రీనివాస్, మిత్రుడు ఆలోక్ మాదసానితో కలిసి కూర్చుని ఉన్నారు. ఇద్దరూ గార్మిన్ కంపెనీ ఇంజనీర్లు. ఒకడు వచ్చి, మా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్పులు జరిపాడు. శ్రీనివాస్ ప్రాణాలు విడిచారు. ఆలోక్ గాయాలతో బయటపడ్డారు. కాల్చినవాడు వాళ్లను ఇరాన్ దేశస్థులనుకున్నాడు. దానికి మూడేళ్ల ముందు, 2014 ఏప్రిల్ 13న అదే కౌంటీలో యూదులను చంపుతానని బయల్దేరిన ఒక నాజీ భక్తుడు యూదుల కమ్యూనిటీ సెంటర్ దగ్గర, వృద్ధుల ఆశ్రమం దగ్గర ముగ్గురిని కాల్చి చంపాడు. చనిపోయిన ముగ్గురూ క్రైస్తవులే. ద్వేషానికి గురి చూడటం కూడా రాదు. ఇది మన ఇంటిదాకా రాదులే అని చెప్పుకునేవాళ్లు ఈ రెండు ఘటనలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి ఆలోచించాలి.

2014 కాల్పుల్లో తండ్రినీ, పద్నాలుగేళ్ల కొడుకునూ ఒకేసారి పోగొట్టుకున్న మిండీ కార్పొరాన్ అనే తల్లి, మరుసటి ఏడాది నుంచి 'సెవెన్ డేస్' పేరుతో ఏటా వసంతంలో ఏడు రోజుల కార్యక్రమం మొదలుపెట్టారు. అన్ని మతాల పిల్లలూ అందులో కలిసి పనిచేస్తారు, చివర అందరూ కలిసి నడుస్తారు. శ్రీనివాస్ చనిపోయిన నాలుగో రోజున ఒలేథాలో జరిగిన సంతాప సభకు వందలమంది వచ్చారు. చర్చి వాళ్లు, మసీదు వాళ్లు, గుడి వాళ్లు కలిసి వీధుల్లో నడిచారు. అంత జనం కదిలారంటే, అలా కలిసి నడవడం ఆ ప్రాంతానికి అలవాటులో ఉండటం కూడా ఒక కారణమని నేననుకుంటాను.

శ్రీనివాస్‌పై కాల్పులు జరిగిన ఆ సాయంత్రం బార్‌లో ఇయాన్ గ్రిలట్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు హంతకుణ్ణి పట్టుకోబోయి, చేతికీ ఛాతీకీ తూటా దెబ్బ తిన్నాడు. మనవాళ్లతో అతనికి చుట్టరికం లేదు, కులం లేదు, భాష లేదు. హ్యూస్టన్‌లోని భారతీయులు అతన్ని పిలిచి సన్మానించి, ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు చేతిలో పెట్టారు. మన మర్యాద అలా నిలబడింది. శ్రీనివాస్ భార్య సునయన దుమాల, మేం ఇక్కడివాళ్లమేనా అని ఆ దేశాన్ని సూటిగా అడిగారు. అడిగి ఊరుకోలేదు. 'ఫరెవర్ వెల్‌కమ్' అనే సంస్థ పెట్టి, వలస వచ్చినవాళ్ల గురించి చెప్పుకుంటూ అక్కడే పనిచేస్తున్నారు. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. కోర్టు పని కోర్టు చేసింది. పొరుగువాళ్ల మనసుల్లో చేయాల్సిన పని ఆమె నెత్తినేసుకున్నారు.

అమెరికాలో ఉన్న మన శ్రోతలెవరైనా వింటుంటే ఒక్క మాట. తానా, ఆటా లాంటి తెలుగు సంఘాల సభలు ఘనంగా జరుగుతాయి. బతుకమ్మకు, సంక్రాంతికి స్కూళ్ల ఆడిటోరియాలు నిండిపోతాయి. ఆ హాలులో మీ పక్కింటి అమెరికన్ కుటుంబం, మీ ఆఫీసు పాకిస్తానీ మిత్రుడు, మీ పిల్లల క్లాసులోని నల్లజాతి పిల్ల ఎందరు కనిపిస్తారు? వాళ్లను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టక్కర్లేదు. బతుకమ్మ పేర్చే దగ్గరకు పిలిచి, తంగేడు లేని దేశంలో ఏ పూలు దొరుకుతాయో వాళ్లనే అడగండి.

ఇక చివరి ఉదాహరణ. మొంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్ అనే పట్నం. 1993లో అక్కడ తెల్లజాతి దురహంకారులు రెచ్చిపోయారు. ఒక ఆదివాసీ మహిళ ఇంటి గోడలకు నాజీల స్వస్తిక గుర్తులు పూశారు. పెయింటర్ల యూనియన్ సభ్యులు రంగు డబ్బాలు పట్టుకొచ్చి, ఆ ఇంటికి కొత్త రంగు వేసి వెళ్లారు. నల్లవాళ్ల చర్చిలోకి గుండ్లు గీయించుకున్న ఆ దురహంకారుల్లో కొందరు వచ్చి బెదిరింపుగా నిలబడితే, వేరే చర్చిల జనం వచ్చి ఆ చర్చి బల్లల నిండా కూర్చున్నారు. డిసెంబర్లో, హనుక్కా పండుగకు కిటికీలో దీపాల సెమ్మె పెట్టిన ఒక యూదు కుటుంబం ఇంటి మీద రాయి పడింది. అది చిన్నపిల్లవాడి పడకగది కిటికీ. అప్పుడు ఆ ఊరి పత్రిక దీపాల సెమ్మె బొమ్మను నిండు పేజీ అచ్చు వేసింది. సుమారు పదివేల ఇళ్ల వాళ్లు, క్రైస్తవులు, ఆ బొమ్మను తమ కిటికీలకు అంటించుకున్నారు. వాటిలో కొన్ని ఇళ్ల మీదా రాళ్లు పడ్డాయి. బొమ్మలు మాత్రం దిగలేదు. ఆ పట్నం కథను 1995లో డాక్యుమెంటరీగా దేశమంతా చూసింది.

బిల్లింగ్స్ వాళ్లకు ఈ ఆలోచన రావడానికి కారణం, డెన్మార్క్ రాజు గురించి చెప్పుకునే ఒక కథ. నాజీలు యూదులంతా పసుపు నక్షత్రం కుట్టుకోవాలంటే, రాజు తానే కుట్టుకుని గుర్రమెక్కి వీధుల్లో తిరిగాడని ఆ కథ. నిజానికి అలా జరగలేదు. జరిగింది అంతకన్నా పెద్దది. 1943 అక్టోబర్లో డెన్మార్క్ జాలరులు తమ చేపల పడవల్లో, పొరుగువాళ్ల సాయంతో, ఏడు వేలకు పైగా యూదులను రాత్రుళ్లు సముద్రం దాటించి స్వీడన్ చేర్చారు. లోకం రాజు కథ చెప్పుకుంటోంది గాని, జనాన్ని బతికించింది జాలరులు. పడవ ఉన్నవాడు పడవ ఇచ్చాడు, అటక ఉన్నవాడు అటక ఇచ్చాడు, ఆస్పత్రి వాళ్లు మంచాలు ఇచ్చారు.

మరి మనం మన వీధిలో, మన అపార్ట్‌మెంట్లో, మన కాలనీలో ఏం చేయగలం? నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను. కార్యక్రమం ప్రశాంతమైన రోజుల్లో మొదలుపెట్టండి. గొడవయ్యాక వేసిన కమిటీని ఎవరూ నమ్మరు. చెప్పుకోడానికి చిన్నదిగా కనిపించే పని ఎంచుకోండి. చెరువు గట్టు శుభ్రం చేయడం, బస్తీలో నీళ్ల ట్యాంకర్ వరస చూడటం, రక్తదాన శిబిరం, పదో తరగతి పిల్లలకు సాయంత్రం లెక్కల క్లాసు. ఇలాంటి పనులు ఆపకుండా వారం వారం నడపాలి. క్రికెట్ పోటీలు పెడితే గల్లీకో జట్టు వద్దు. పేర్లు చీటీలు వేసి కలిపేయండి. ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కూలీలు మీ కాలనీ కడుతుంటే వాళ్లనూ పిలవండి. వాళ్లు మన ఊళ్లో ఎలా బతుకుతున్నారో, ఒకప్పుడు భివండిలో మన నేతవాళ్లూ అలాగే బతికారు. ఇఫ్తార్ ఇస్తే పళ్లు కోసే దగ్గర హిందూ కుర్రాళ్లను నిలబెట్టండి. నిమజ్జనం రోజు మంచినీళ్ల పందిరి బాధ్యత ముస్లిం కుర్రాళ్లు అడిగితే, "మీకెందుకు శ్రమ?" అనకండి. ఆ శ్రమ కోసమే వాళ్లు అడిగింది.

అన్నిటికన్నా కష్టమైనది ఒకటుంది. మన దేశంలో మనిషి మీద నమ్మకం ఉందా లేదా తేలేది కౌగిలింతల దగ్గర కాదు, డబ్బు దగ్గర. అందుకని ఈసారి మీ వీధిలో గణేశ్ కమిటీయో, ఉర్సు కమిటీయో, క్రిస్మస్ కమిటీయో, కాలనీ సంక్షేమ సంఘమో, ఏది వేసినా ఖజాంచీ పేరు రాసే దగ్గర ఒక్క క్షణం ఆగండి. ఆ పుస్తకం, రసీదు బుక్కు, బ్యాంకు సంతకం అవతలి గల్లీ మనిషి చేతిలో పెట్టండి. చందా లెక్కలు ఒకరివొకరు చూసుకున్న జనం వాట్సాప్ మెసేజ్ చూసి ఒకరి మీదకొకరు కర్రలు పట్టుకుని వెళ్లడం అంత తేలిక కాదు.